కొత్త గ్రంథాలయం ప్లాన్: మొదటి గీత లైబ్రేరియన్ కుర్చీ దగ్గర

ఊరికి కొత్త గ్రంథాలయ భవనం మంజూరైందంటే మొదట ఇంజినీరు వచ్చి స్థలం కొలుచుకుని ఓ దీర్ఘచతురస్రం గీస్తారు. దాన్ని మూడు ముక్కలు చేసి ఒకదాని మీద ‘పఠన మందిరం’, ఒకదాని మీద ‘స్టాక్ రూమ్’, మూడో దాని మీద ‘ఆఫీసు’ అని రాస్తారు. శంకుస్థాపన జరుగుతుంది, స్లాబు పడుతుంది, రంగులూ వేస్తారు. అసలు సంగతి ర్యాకులు లోపలికి వచ్చిన రోజున తెలుస్తుంది. కిటికీకి అడ్డంగా ర్యాకు పెట్టాలి, లేదంటే ర్యాకు మానుకోవాలి. లైబ్రేరియన్ బల్ల ఏ మూల వేసినా హాల్లో సగం కనపడదు. పిల్లల బొమ్మల పుస్తకాలకు చోటు దొరక్క మెట్ల కిందికి చేరతాయి.

ఇందులో ఇంజినీరును తప్పుపట్టడానికి లేదు. లోపల ఎవరెవరు, ఏ వేళప్పుడు, ఎంతసేపు కూర్చుంటారో ఎవరూ రాసివ్వకుండానే గీయమన్నారు. ఇళ్ల ప్లాన్లు గీసే అలవాటుతో ఆయన గదులు గీశారు. గ్రంథాలయానికి గదుల కంటే హద్దులు ముఖ్యం. చప్పుడు ఎక్కడ ఆగాలి, చూపు ఎంతదాకా సాగాలి, బరువు ఎక్కడ దిగాలి అన్నవే ఆ హద్దులు.

అన్నిటికంటే ముందు ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. మన శాఖా గ్రంథాలయాల్లో చాలా చోట్ల ఉండేది ఒక్క లైబ్రేరియనే. అదృష్టం బాగుంటే ఓ సహాయకుడు ఉంటారు. నలుగురు సిబ్బంది ఉంటారనుకుని గీసిన నాలుగు గదుల్లో మూడింటికి తాళం పడుతుంది. కాబట్టి ఆ ఒక్కరి కుర్చీ ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి మిగతా గోడలు గీసుకుంటూ రావాలి. మండల కేంద్రంలో కట్టే రెండంతస్తుల గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

ఒకే కప్పు కింద నాలుగు గుంపులు

తెల్లవారగానే వచ్చేవాళ్లు పత్రికల కోసం వస్తారు. ఎక్కువ మంది పెద్దవాళ్లే. అరగంటో ముప్పావుగంటో ఉంటారు. చదివిన వార్త మీద రెండు మాటలు అనుకోకుండా లేవరు, అలా అనుకోవడం వాళ్ల హక్కు కూడా. రెండో గుంపు ఉద్యోగార్థులు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు సొంత పుస్తకాలు మోసుకొచ్చి పొద్దున కూర్చుంటే రాత్రికి గానీ లేవరు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయాన్ని ఒక్కసారి చూసినవాళ్లకు ఈ గుంపు సంగతి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకు గ్రంథాలయం పుస్తకాల కంటే బల్ల, ఫ్యాను, ప్లగ్గు, నిశ్శబ్దం ఎక్కువ అవసరం. మూడో గుంపు పిల్లలు. బడి వదిలాక, సెలవుల్లో వస్తారు, వస్తే చప్పుడు తప్పదు. నాలుగో గుంపు ఇంటికి పుస్తకం పట్టుకెళ్లే చందాదారులు. పది నిమిషాల్లో మార్చుకుని వెళ్లిపోతారు. గ్రంథాలయం పుస్తకాలను నిజంగా వాడేది ఎక్కువగా వీళ్లే అయినా ప్లాన్‌లో వీళ్లను తలుచుకునేవారు తక్కువ.

ఈ నలుగురినీ ఒకే హాల్లో కూర్చోబెడితే పోట్లాట మొదలవుతుంది. పత్రికల దగ్గరి మాటలు పరీక్షవాళ్లకు చిరాకు. వాళ్ల చూపులకు పిల్లలు రావడం మానేస్తారు. పత్రికల కుర్చీలు కూడా ఉద్యోగార్థులతో నిండిపోతే పెద్దవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చదువుకోవాల్సి వస్తుంది.

అందుకే గీతకు ముందు లెక్క కావాలి. పాత గ్రంథాలయం ఉంటే అక్కడే రెండు వారాల పాటు గంటగంటకూ తలలు లెక్కపెట్టాలి. పత్రికల దగ్గర ఎందరు, సొంత పుస్తకాలతో ఎందరు, పిల్లలు ఎందరు, పుస్తకం మార్చుకున్నవాళ్లు ఎందరు అని నాలుగు గడులు గీసిన కాగితం చాలు. ఒక వారం మామూలు రోజుల్లోదీ, ఇంకో వారం ఏదైనా పెద్ద నోటిఫికేషన్ పడ్డాకదీ అయితే మంచిది. నోటిఫికేషన్ వారం లెక్క చూసి హాలు కడితే మిగతా ఏడాది సగం ఖాళీగా ఉంటుంది, మామూలు వారం లెక్కతో కడితే జనం మెట్ల మీద కూర్చుంటారు. రెండింటికీ నడుమ కుర్చీల సంఖ్య ఎంచుకుని, మిగిలిన వాళ్లకు ఇంకో చోటు వేళలవారీగా దొరికేలా చూడాలి. ఆ చోటు సంగతి కాసేపట్లో వస్తుంది.

చదరపు అడుగుల లెక్క

పత్రికలు చదివే మనిషికి బల్ల, కుర్చీ, వెనక నడిచే దారిలో వాటా కలిపి 25 చదరపు అడుగులు పడుతుంది. పరీక్షలకు చదివేవాళ్లకు 30 వేసుకోవాలి. ఒక్కొక్కరికి మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు బల్ల లేకపోతే గైడు, నోటుపుస్తకం, ల్యాప్‌టాప్ కలిసి పట్టవు, అవన్నీ పక్కవాళ్ల మీదికి జరుగుతాయి. కంప్యూటర్ దగ్గర మనిషికి 40. పిల్లలకు కింద కూర్చునే చాప, పొట్టి ర్యాకులు కలిపి 20.

పుస్తకాల లెక్క కొంచెం మెలికతో ఉంటుంది. ర్యాకుల కొలతకు మూలం మూడడుగుల వెడల్పు అర. పావు వంతు ఖాళీ ఉంచుకుని, ఒక అరకు సగటున 25 పుస్తకాలు వేసుకోవాలంటారు. తెలుగు కథల సంపుటాలు, కవితల పుస్తకాలు ఒక్కోటి సెంటీమీటరు మందం కూడా ఉండవు కాబట్టి ఆ అరలో యాభై కూడా పడతాయి. అదే పోటీ పరీక్షల గైడ్లు, నిఘంటువులు అయితే ఇరవైతోనే అర నిండుతుంది. ఎటూ కొనుగోళ్లు గైడ్ల వైపే మొగ్గుతున్నాయి గనుక 25 లెక్కే క్షేమం. రెండు వైపులా అయిదేసి అరలున్న ర్యాకు ముక్కలో 250 పుస్తకాలు పడతాయి. అది ఆక్రమించే నేల మూడడుగుల పొడవు, వరుస నడుమ నుంచి వరుస నడుమకు ఆరడుగులు, మొత్తం 18 చదరపు అడుగులు. పెద్ద దారుల కోసం మూడో వంతుకు కాస్త తక్కువగా కలిపితే 23. అంటే చదరపు అడుగుకు పది పదకొండు పుస్తకాలు.

ఇక మన మండల గ్రంథాలయం. పదివేల పుస్తకాలకు 900 చదరపు అడుగులు. పత్రికల దగ్గర 20 కుర్చీలకు 500. పరీక్షల హాల్లో 40 మందికి 1,200. ఇరవై మంది పిల్లలకు 400. నాలుగు కంప్యూటర్లకు 160. ద్వారం, కౌంటరు కలిపి 200. కొత్త పుస్తకాల కట్టలు విప్పి ముద్రలు కొట్టి నంబర్లు వేసే పని గదికి 200. మొత్తం 3,560. చాలామంది ఇక్కడ ఆగిపోయి ‘మూడున్నర వేల అడుగులు చాలు’ అని ఎస్టిమేట్ రాయిస్తారు. గోడలు, మెట్లు, మరుగుదొడ్లు, నడవాలు మొత్తం కట్టుబడిలో దాదాపు 30 శాతం తింటాయి. 3,560ని 0.7తో భాగిస్తే 5,086. కట్టాల్సింది అయిదు వేల పైన.

డబ్బు మూడువేల అడుగులకే ఉందనుకుందాం. అప్పుడు అన్నిటినీ సమానంగా కుదించడం పెద్ద తప్పు. ఇరుకు బల్లలు, ఇరుకు దారులు, ఇరుకు పిల్లల మూల అన్నీ కలిసి ఎవరికీ పనికిరాని భవనం తయారవుతుంది. మనిషికి ఇచ్చే అడుగులు తగ్గించకూడదు, పనులు తగ్గించాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని పాత గైడ్లు తీసేస్తే పదివేల పుస్తకాలు ఆరేడు వేలకు దిగుతాయి. పత్రికల చోటు మధ్యాహ్నం ఎలాగూ ఖాళీ, దాన్ని పదకొండు నుంచి నాలుగు దాకా పరీక్షలవాళ్లకు ఇవ్వొచ్చు. ఇందాక వేళలవారీ అన్నది దీని గురించే. అందుకోసం పత్రికల దగ్గర కూడా వాలు స్టాండ్లు తక్కువగా, మామూలు బల్లలు ఎక్కువగా వేసుకోవాలి.

పిల్లర్లు, ర్యాకులు

ర్యాకు వరుసలు నడుమ నుంచి నడుమకు ఆరడుగుల చొప్పున ఉంటే, రెండు వైపుల ర్యాకు లోతు అడుగున్నర పోగా నాలుగున్నర అడుగుల దారి మిగులుతుంది. ఒకరు కింది అర చూస్తూ గొంతుక్కూర్చున్నా వెనక నుంచి ఇంకొకరు పోవచ్చు, చక్రాల కుర్చీ కూడా పడుతుంది. పాఠకులు రాని మూసిన స్టాకుకు అయితే నాలుగున్నర అడుగుల దూరం, మూడడుగుల దారి సరిపోతుంది.

ఇప్పుడు పిల్లర్లు. ఇంటి అలవాటులో పద్నాలుగో పదిహేనో అడుగులకు పిల్లర్ పెడితే అది ఏదో ఒక దారి మధ్యలో నిలబడుతుంది. వరుసలకు అడ్డంగా కొలిస్తే పిల్లర్ల దూరం ఆరు గుణిజంలో, అంటే 18 లేదా 24 అడుగులు ఉండాలి. పద్దెనిమిది అడుగులకు మూడు వరుసలు సరిగ్గా పడతాయి, తొమ్మిదంగుళాలు అడుగున్నర కొలతల పిల్లర్ ర్యాకు మందంలోనే దాక్కుంటుంది. వరుస పొడవు దిశలో 16 అడుగులు బాగుంటుంది, అయిదు ర్యాకు ముక్కలకు 15 పోగా పిల్లర్‌కు ఒక అడుగు. స్ట్రక్చరల్ డ్రాయింగుకు ముందే ఈ మాట ఇంజినీరుకు చెబితే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. తర్వాత చెబితే చేయగలిగింది ఏమీ ఉండదు.

బరువు సంగతి మరీ ముఖ్యం. ఇళ్ల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువుకు, అంటే మనుషులు, సామాను కలిపిన బరువుకు లెక్కిస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం గ్రంథాలయం స్టాక్ గదికి 600 కిలోలు వేసుకోవాలి, ర్యాకుల ఎత్తు 2.2 మీటర్లు దాటితే ఆ పైన మీటరుకు మరో 200. పుస్తకాల నిల్వ వేరే గదిలో ఉంటే పఠన మందిరానికి 300, పుస్తకాలు అందులోనే ఉంటే 400. దీని అర్థం తేలిక. పంచాయతీ ఇచ్చిన పాత ఇంటి మేడ మీద ర్యాకులు వరుసగా పేరిస్తే స్లాబు మీద దాని శక్తికి రెండు మూడింతలు పెట్టినట్టు. వెంటనే కూలకపోయినా కుంగుతుంది, కింద బీటలు వస్తాయి. తలుపులు బిగుసుకుపోతే అదే మొదటి సూచన.

పత్రికలు బైండు చేయించి దాచే ఉద్దేశం ఉంటే వాటికి ఈ ర్యాకులు పనికిరావు. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికల కోసమే దూరాల నుంచి పరిశోధకులను రప్పిస్తోంది. అలాంటి సంపుటాలు నిలబెడితే వాటి బరువుకే కుట్టు తెగుతుంది. పడుకోబెట్టాలి, ఒకదానిమీద ఒకటి మూడు నాలుగుకు మించకూడదు, అర లోతు కనీసం అడుగున్నర ఉండాలి. బైండు చేయని రోజువారీ పత్రికల కుప్ప కూడా నిర్లక్ష్యం చేసేది కాదు. పన్నెండు పత్రికలు తెప్పిస్తే నెలకు నలభై యాభై కిలోలు. అమ్మేదాకా వాటికి పని గదిలో ఓ మూల రాసిపెట్టకపోతే అవి పిల్లల విభాగంలో తేలతాయి.

ర్యాకు ఎత్తులో ఏడు అరల మోజు ఒకటి ఉంది. ఏడో అర పొట్టిగా ఉన్న మనిషికి అందదు, అందనిచోట పెట్టిన పుస్తకం ఎవరి ఇంటికీ వెళ్లదు. డెమీ సైజు తెలుగు పుస్తకం ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. అరకు అరకు మధ్య 11 అంగుళాలు ఉంచి, అడుగున ఆరంగుళాలు వదిలితే ఆరు అరల ర్యాకు ఆరడుగుల్లో ముగుస్తుంది. గోడల వెంట ఇదీ, హాలు మధ్యలో అయితే అయిదు అరల పొట్టి ర్యాకూ వేసుకోవాలి. అరలు పైకీ కిందికీ జరిపే రంధ్రాలున్న స్టీలు ర్యాకులే అడగాలి. పల్చటి పుస్తకాలు ఒరిగిపోతాయి కాబట్టి ప్రతి అరకూ ఒక ఆపుడు రేకు ఆర్డరులోనే రాయించాలి, తర్వాత అడిగితే బడ్జెట్ లేదంటారు. ఇంకో తెలుగు చిక్కు, పల్చటి పుస్తకాల వీపు మీద పేరు ఉండదు, ఉన్నా చదవలేం. అందుకే వరుస చివర్లలో అట్ట కనపడేలా పెట్టే వాలు అరలు కొన్ని ఉంటే కవిత్వం కాస్త కదులుతుంది.

కుర్చీ నుంచి కనిపించేది

గుమ్మం దాటిన అయిదారు అడుగుల్లో కౌంటరు. బయటికి పోయే ప్రతివాళ్లూ దాని ముందు నుంచే పోవాలి, పై అంతస్తు మెట్లు కూడా అక్కడి నుంచే ఎక్కాలి. ప్రమాదం వేళ తెరుచుకునే రెండో తలుపు వెనక ఉండి తీరాలి. లోపలి నుంచి తాళం లేకుండా తెరుచుకునే గడియ దానికి కావాలి. దొంగతనం భయంతో ఆ తలుపుకు తాళం వేసి అడ్డంగా బీరువా పెట్టడం మామూలుగా జరిగే తప్పు.

కుర్చీలో కూర్చుని చూస్తే ర్యాకు వరుసల చివరలు కనిపించాలి. అంటే వరుసలు కౌంటరుకు ఎదురుగా అడ్డం తిరిగి ఉండకూడదు, కౌంటరు వైపు నుంచి దూరంగా సాగాలి. అప్పుడు ప్రతి దారీ చివరిదాకా తెరిచిన కిటికీలా ఉంటుంది. అడ్డంగా పెడితే మొదటి వరుస వెనక ఏం జరుగుతుందో దేవుడికే తెలియాలి.

మన ఉదాహరణలో రోడ్డు ఉత్తరాన ఉందనుకుందాం. భవనం పొడవు 54 అడుగులు తూర్పు పడమరలుగా, లోతు 50. ముందు పదడుగుల వసారా. పత్రికలు అక్కడ. పాత ఇళ్ల అరుగు చేసిన పనే ఇది. వసారాకు గ్రిల్లు, తాళం విడిగా ఉంటే లోపలి హాలు తెరవకముందే పొద్దున్నే పత్రికలవాళ్లు కూర్చోవచ్చు, వాళ్ల మాటలు రోడ్డు చప్పుడులో కలిసిపోతాయి. సన్‌షేడ్ కనీసం నాలుగడుగులు ఉండాలి, లేకపోతే మొదటి వానకే పత్రికలు ముద్దవుతాయి.

లోపలికి రాగానే ఎడమ చేతివైపు, అంటే తూర్పున పిల్లలు. సాయంత్రం నాలుగింటికి వచ్చేవాళ్లకు పడమటి గోడ వేడి ఎందుకు? వాళ్ల ర్యాకులు నాలుగడుగులు దాటకూడదు, కుర్చీ ఎత్తు 12 నుంచి 14 అంగుళాలు. చాప వేస్తే చెప్పులు విడిచే చోటు కూడా గీయాలి. కౌంటరు నుంచి వాళ్లు పూర్తిగా కనపడాలి. మధ్యలో, వెనక వైపు పుస్తకాలు. నిండా ఉన్న ర్యాకులు చప్పుడును బాగా మింగుతాయి గనుక అవి పిల్లలకూ, వెనక కిటికీల దగ్గర వేసే ఆరు చదువు కుర్చీలకూ మధ్య మెత్తటి గోడలా పనిచేస్తాయి. పడమట వరుసగా మెట్లు, పని గది, మరుగుదొడ్లు. సాయంత్రపు ఎండను ఇవే మోస్తాయి. మరుగుదొడ్ల తడిగోడకు స్టాకు తగలకుండా పని గది మధ్యలో ఉండాలి.

పైకి ఎవరు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు తేలిక. ఉద్యోగార్థులు. వాళ్ల దగ్గర ఉండేది సొంత పుస్తకాలు, కాపలా తక్కువ అవసరం. పైన చప్పుడు ఉండదు, బరువూ తక్కువ. కంప్యూటర్లు కూడా అక్కడే. ఒక చిన్న గది విడిగా ఉంచాలి, గొంతెత్తి వల్లెవేసేవాళ్లకూ ఒకరినొకరు ప్రశ్నలడుక్కునేవాళ్లకూ. అది లేకపోతే ఆ చర్చ మెట్ల మీద జరిగి కిందికీ పైకీ వినిపిస్తుంది.

మెట్లెక్కలేనివాళ్లకు కింద వేసిన ఆరు కుర్చీలే పరీక్షల హాలు. లిఫ్టుకు ఇప్పుడు డబ్బు లేకపోయినా ఆరడుగుల చదరం గొయ్యి, పైన స్లాబులో ఖాళీ వదిలితే రేపు పగలగొట్టే పని ఉండదు. గుమ్మం దగ్గర ర్యాంపు ప్రతి అడుగు ఎత్తుకూ 12 అడుగులు సాగాలి. బేస్‌మెంట్ రెండడుగులైతే 24, మూడైతే 36 అడుగుల ర్యాంపు. ముందు స్థలం ఎంత వదులుతున్నామో, బేస్‌మెంట్ ఎంత లేపుతున్నామో ఒకేసారి నిర్ణయించకపోవడం వల్లే చాలా చోట్ల నిటారు ర్యాంపులు కనిపిస్తాయి. వాటి మీద ఎక్కేది మోటారుసైకిళ్లు మాత్రమే. తలుపులు తెరిచాక మూడడుగుల ఖాళీ దారి, బల్లల దగ్గర కుర్చీ తిప్పుకోడానికి అయిదడుగుల చుట్టు ఉండాలి.

మహిళా విభాగం అని వెనక ఓ చీకటి గది కేటాయించే పాత పద్ధతి మానుకోవడం మంచిది. అందులో ఎవరూ కూర్చోరు, కొన్నాళ్లకు అది స్టోరు గది అవుతుంది. కౌంటరు నుంచి కనిపించే బల్లలు, రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురున్న మెట్లు, వెలుతురున్న మరుగుదొడ్డి దారి ఉంటే ఆడపిల్లలు తప్పకుండా కూర్చుంటారు.

వెలుతురు, ఫ్యాన్లు, ప్లగ్గులు

పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉన్నాయి కాబట్టి కిటికీలన్నీ అక్కడే. చదివే చోట కిటికీ అడుగు అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున, స్టాకు ఉన్నచోట ర్యాకు పైన ఆరున్నర అడుగుల నుంచి వెంటిలేటర్లు. గోడ ర్యాకులు, కిటికీలు ఒకే గోడ కోసం కొట్టుకుంటాయి గనుక ప్లాన్ మీద గోడలను మూడడుగుల ముక్కలుగా విభజించి ఏ ముక్క ఎవరిదో రాసుకోవాలి. ముందువైపు నిలువెత్తు అద్దాల మోజును మొదటి వేసవే తీరుస్తుంది. తీరప్రాంతంలో తుపాను గాలి ఆ పని ముందే చేయొచ్చు.

బల్ల మీద 300 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) వెలుతురు ఉండాలి. సెల్‌ఫోన్ ఆప్‌తో ఉజ్జాయింపుగా కొలవొచ్చు. ఎక్కువగా జరిగే పొరపాటు దీపం పైన, ఫ్యాను కింద ఉండటం. రెక్కల నీడ పేజీ మీద తిరుగుతూనే ఉంటుంది, గంటసేపు చదివితే తలనొప్పి ఖాయం. లైట్లు ఫ్యాను రెక్కల కంటే కిందికి వేలాడాలి, లేదా ఫ్యాన్లకు ఎడంగా వరుసలు కట్టాలి. స్టాకులో లైట్లు దారుల మీద పడాలి, ర్యాకు నెత్తిన వెలిగిన దీపం దుమ్మును మాత్రమే చూపిస్తుంది. ఇందుకోసం ర్యాకుల ప్లాన్ తేలాకే ఎలక్ట్రికల్ డ్రాయింగ్ గీయించాలి. మన దగ్గర వరుస తిరగబడుతుంది. స్లాబు పోసేటప్పుడే ఫ్యాను కొక్కేలు, పైపులు పెట్టేస్తారు, ర్యాకులు రెండేళ్ల తర్వాత వస్తాయి.

పై హాల్లో ఇద్దరికో ప్లగ్గు చొప్పున, ఫ్లోరింగుకు ముందే నేలలో పైపులు వేయించాలి. లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సుల వైర్లు కాళ్లకు చుట్టుకుంటాయి. కుర్చీ కాళ్లకు రబ్బరు బుడిపెలు చిన్న సంగతే. టైల్స్ మీద నలభై కుర్చీలు జరిగే మోత విన్నవాళ్లు మాత్రం దాన్ని చిన్న సంగతి అనరు.

ఏసీ పెడితే రాత్రిళ్లు ఆపేస్తారని గుర్తుంచుకోవాలి. పగలంతా చల్లబడ్డ పుస్తకాల మీద రాత్రి తేమగాలి చేరితే బూజు మొదలవుతుంది. కోస్తాలో స్టాకుకు ఎదురెదురు కిటికీల గాలి, ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. ఏసీ ఉంటే పై హాలుకు పెట్టుకోవచ్చు.

నీళ్లు, చెదలు, క్యారేజీలు

వాటర్ ట్యాంకు మెట్ల గది పైన ఉండాలి, స్టాకు నెత్తిన ఎప్పుడూ ఉండకూడదు. పై మరుగుదొడ్లు కింది మరుగుదొడ్లకు సరిగ్గా పైన రావాలి. చెద మందు పునాది దశలో, ఫ్లోరింగుకు ముందు మట్టికి పట్టించాల్సిందే. తర్వాత రంధ్రాలు చేసి పోసే మందు సగం పనే చేస్తుంది. బయటి గోడలకూ ర్యాకులకూ మధ్య ఆరంగుళాల ఎడం ఉంటే తడి, చెద రెండూ కంటికి కనపడతాయి. గోడలో కలిపి కట్టిన చెక్క బీరువాలో చెద పట్టిన సంగతి పుస్తకం తీసినప్పుడే తెలుస్తుంది, అప్పటికి లోపల మట్టి మిగులుతుంది.

పల్లపు ప్రాంతంలో కడుతుంటే పాత వరద గుర్తు ఎక్కడిదాకా ఉందో చుట్టుపక్కల ఇళ్లవాళ్లను అడిగి బేస్‌మెంట్ నిర్ణయించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట పుస్తకాలు పైకి, చదివేవాళ్లు కిందికి మారాలి. పై స్లాబును మొదటి నుంచే 600 కిలోలకు లెక్క వేయించాలి. ఖర్చు పెరుగుతుంది, కానీ స్లాబు పోశాక ఆ బలం ఏ రిపేరుతోనూ చవగ్గా రాదు.

పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉండేవాళ్లు భోజనం తెచ్చుకుంటారు. పైన వెనకవైపు చిన్న కప్పు కింద నాలుగు సిమెంటు బల్లలు, చెయ్యి కడుక్కునే కొళాయి, చెత్తడబ్బా ఉండాలి. లేకపోతే క్యారేజీలు చదివే బల్లల మీదే విప్పుతారు. తర్వాత చీమలు, బొద్దింకలు, వాటి వెనక ఎలుకలు. బండ్ల చోటు కూడా ఎవరూ లెక్కపెట్టరు. ఒక బండికి మూడడుగులు ఏడడుగులు, దారితో కలిపి 35 చదరపు అడుగులు వేసుకుంటే నలభై బండ్లకు 1,400. అది గీయకపోతే ర్యాంపు ముందే పార్కింగ్ అవుతుంది.

ఒకేసారి కట్టలేకపోతే

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వచ్చే గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలకు ప్రధాన ఆధారం. స్థానిక సంస్థలు వసూలు చేసి ఇవ్వాల్సిన ఆ డబ్బు విడతలుగా వస్తుంది, కాబట్టి భవనం కూడా విడతలుగా లేవడం తప్పు కాదు. పునాది, పిల్లర్లు రెండంతస్తులకు వేసుకుని కింది అంతస్తుతో మొదలుపెట్టొచ్చు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే తన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో చివరిదిగా చెప్పారు. ప్లాన్ భాషలో దాని అర్థం ఒక గోడను ఖాళీగా వదలడం. మన ఉదాహరణలో అది దక్షిణపు గోడ. దాని అవతల మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బోరు, జనరేటర్ ఏవీ రాకూడదు. పెద్ద కిటికీ కిందిభాగాన్ని రేపు తలుపుగా తెరుచుకునేలా పైన గోడ బరువు మోసే లింటెల్ దూలం ముందే వేయించాలి.

ప్లాన్ ఆమోదానికి వెళ్లకముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. స్థలం చదును చేయించి, అసలు కొలతల్లో ముగ్గుపిండితోనో సున్నంతోనో గీతలు గీయాలి. గోడలు, పిల్లర్లు, ర్యాకు వరుసలు, బల్లలు అన్నీ. కౌంటరు గీసినచోట ఒక కుర్చీ వేసి, అక్కడ పనిచేయబోయే లైబ్రేరియన్‌ను కూర్చోబెట్టాలి. ర్యాకు గీతల మీద మనుషులను నిలబెట్టి, ఎవరు కనపడుతున్నారో ఎవరు కనపడడం లేదో ఆయననే చెప్పమనాలి. తర్వాత ఒకరు చక్రాల కుర్చీలో గుమ్మం నుంచి కిటికీ బల్లదాకా వెళ్లి రావాలి. ఏ గీత దగ్గర చక్రం ఆగిందో అక్కడ కొలత రాసుకుని, ఆ కాగితం ఇంజినీరు చేతికి ఇవ్వాలి.